గుహ ఖాళీ అయిన ఎండాకాలం

అయినా, మనిషిని భయపెట్టడం తేలికనుకుంటే ముందు నన్ను అడగాల్సింది. ఎవరూ అడగలేదు. పద్దెనిమిదేళ్ళు ఆ సిమెంటు గుహలో ఎలుగుబంటి వేషం వేసుకుని కూర్చున్నవాణ్ణి. పార్కులోని పిల్లల రైలు వంపు తిరిగే చప్పుడు విని ఏ పెట్టెలో ఎంతమంది ఉన్నారో చెప్పగలను. మొదటి పెట్టె మీదికి దూకకూడదు. అందులో కుర్రాళ్ళు ఎక్కుతారు, వాళ్ళు నవ్వేస్తే వెనకవాళ్ళంతా నవ్వేస్తారు. చివరి పెట్టె జోలికీ పోకూడదు. చోటు దొరక్క పెద్దవాళ్ళ నుంచి విడిపోయిన పిల్లలు అందులో ఉంటారు, ఆ భయం వాళ్ళతో ఇంటిదాకా పోతుంది. మధ్య పెట్టెలో ఒక తండ్రిని ఎంచుకోవాలి. ఆయన అదిరిపడాలి. పిల్లలు ముందు కెవ్వుమంటారు, ఆ తర్వాత తండ్రి మొహం చూసి పడీపడీ నవ్వుతారు. ఆ కేకకీ ఆ నవ్వుకీ నడుమ రెప్పపాటు కాలం ఉంటుంది. నా పని అదే. దాన్ని ఉద్యోగం పేరుతో ఏ కాగితం మీదా రాయలేం కాబట్టి అది లేదనే అందరూ అనుకున్నారు.

మా పార్కు బూర్గంపాడు దాటాక, టేకుచెట్ల మధ్య ఉంటుంది. భద్రాచలంలో దర్శనం చేసుకున్నవాళ్ళు గుండ్లతో, ప్రసాదం సంచులతో వంతెన దాటి వచ్చి, తిరుగు బస్సుకు ముందు రెండు గంటలు ఇక్కడ గడుపుతారు. ఉన్నదల్లా ఒక చిన్న రైలు, నాలుగు ఉయ్యాలలు, రైలు దారిలో ఒక గుహ, గుహలో నేను. ఈ అడవి అంచున ఎలుగంటే బొమ్మ కాదు. ఇప్పపూలు ఏరడానికి పోయి మొహం చీల్చించుకున్నవాడు చుట్టుపక్కల ఊళ్ళలో ఎవడో ఒకడు కనిపిస్తాడు. వాళ్ళ పిల్లలు కూడా మా రైలెక్కి, ఆ ఎలుగునే చూసి నవ్వి దిగిపోయేవాళ్ళు.

మార్చి చివర్లో వీరేందర్ నన్ను రైలు షెడ్డుకు పిలిచాడు. పార్కును కొత్తగా తీసుకున్నవాళ్ళు పెట్టిన మేనేజరు అతను. బొగ్గు గనుల క్వార్టర్లలో పెరిగాడు, ముప్పై దాటలేదు. మర్యాదస్తుడే. ఆ మర్యాద వల్లే అతని మీద కోపం తెచ్చుకోవడం కష్టమయ్యేది.

"అన్నా, సెలవుల నుంచి ఎలుగు బంద్," అన్నాడు.

"బంద్ అంటే?"

"బంద్ అంటే బంద్. ఇప్పటి పిలగాండ్లకు ఎలుగు పట్టదన్నా. ఫోన్లల్ల చూసే కార్టూన్ బొమ్మ టుర్రూని తెస్తున్నం."

ఫోను తీసి చూపించాడు. నీలం రంగు, తలకాయంత కళ్ళు, మెడ లేదు, చేతికి మూడు వేళ్ళు. నడుము తిప్పుకుంటూ ఒకటే గెంతుతోంది.

"ఏం జంతువు సార్ ఇది?"

"జంతువు గాదు. టుర్రూ."

నేను ఆ నీలం మొహాన్ని దగ్గరగా చూశాను. దానికి పళ్ళు కూడా లేవు. చివరికి నా దగ్గరున్న ఒకే ఒక్క వాదన బయటికి తీశాను. "మరి వెంట్రుకల కోసం వచ్చే తల్లులకు ఏం చెప్పాలె సార్?"

మా వైపు చంటిపిల్లలు దడుచుకుంటే ఎలుగుబంటి వెంట్రుకలు గుడ్డలో చుట్టి మొలకో మెడకో కడతారు. ఒకప్పుడు ఎలుగుల్ని ఆడించేవాళ్ళు ఇంటింటికీ తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఆ ఆటలు ఆగిపోయాక, ఎవరు మొదలుపెట్టారో కానీ, తల్లులు నా దగ్గరికి రావడం మొదలైంది. నా వేషం గోనెపట్టా మీద నల్లమేక వెంట్రుకలు కుట్టింది. ప్రతి దసరాకు మా ఆవిడ సువర్ణ ఊడినచోటల్లా మళ్ళీ కుడుతుంది. ఇది మేకదమ్మా అని వచ్చినవాళ్ళకు చెప్పేవాణ్ణి. "మేకదే గానీ ఎలుగు మీదున్నది గదా," అని పీక్కుపోయేవాళ్ళు. ఆ మాట నాకు చాలా ఇష్టం. గుహలో ఒక్కణ్ణే కూర్చుని దాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నానో.

వీరేందర్ నవ్వాడు. "దడుపుకు దవాఖానా ఉన్నదన్నా. అయినా నిన్నెవరు పొమ్మన్నరు? టుర్రూవి నువ్వే."

* * *

సూటు హైదరాబాదు నుంచి అట్టపెట్టెలో వచ్చింది. ఒళ్ళంతా నీలం కుచ్చు, తల ఒక్కటే గంపంత. తల లోపల పెట్టుకుంటే టుర్రూ నోట్లో ఉన్న జాలీలోంచి ఎదుటివాళ్ళ మొహాలు కనిపిస్తాయి. నేల కనిపించదు. సొంత కాళ్ళు కనిపించవు. అందుకే ఇది వేసుకున్నవాళ్ళ చెయ్యి పట్టుకుని ఒకరు వెంట నడవాలని కాగితం మీద రాసి పంపారు.

వేసుకుని షెడ్డు ముందు నాలుగడుగులు నడిచాను. టికెట్ల గది దగ్గరున్న పిల్లలు ఇటు తిరిగారు. నేను చెయ్యి ఊపాను. ఒక పిల్లవాడు తల్లి వెనక్కి పోయాడు. ఇంకొకడు ఏడుపు మొదలుపెట్టాడు.

ఏం చేశానో నాకు తెలియలేదు. మా అమ్మాయి చెప్పింది. భార్గవికి అప్పుడే ఇంటర్ పరీక్షలైపోయాయి. ఆ రోజు నాకు సద్దిగిన్నె తెచ్చింది.

"బాపూ, నువ్వు భుజాలు ముందటేసి నడుస్తున్నవ్. గట్ల ఎలుగు నడుస్తది. టుర్రూకు భుజాలే లేవు, వానికి నడుము ఉంటది."

"నడుము తిప్పుడు నాతోని కాదు బిడ్డా."

"ఇటియ్యి, ఒక్కసారి."

సరదాకే వేసుకుంది. గంపంత తల కింద దాని సన్నటి మెడ ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఒక కాలి మీద గెంతి, ఆగి, తల పక్కకు వాల్చింది. అంతే. ఏడుస్తున్నవాడు ఏడుపు మరిచిపోయాడు. క్షణంలో పిల్లలంతా కంచె దూకి వచ్చి దాని కాళ్ళకు చుట్టుకున్నారు. వీరేందర్ నావైపు చూడకుండా, "అన్నా, జూన్ల కాలేజీ తెరిచేదాంక బిడ్డనే ఉంచుదామా," అన్నాడు. అడిగాడే కానీ ఆ గొంతులో నిర్ణయం అప్పటికే అయిపోయింది.

"మరి నేను?"

"నువ్వు చెయ్యి పట్టుకో. నీకంటే మంచిగ ఎవరు చూస్కుంటరు?"

ఏ తండ్రీ దానికి కాదనలేడు. నేను అవునని తలాడించాను. ఆ ఎండాకాలమంతా నన్ను తిన్నది ఆ తలాడించడమే.

* * *

ఏప్రిల్ రెండో వారానికి జనం పెరిగారు. ఎండ ఎంత ముదిరితే అంత పెరిగారు. భార్గవి ఇరవై నిమిషాలు ఆడుతుంది, షెడ్డులో కూలర్ ముందు కూర్చుని తల తీస్తుంది, ముక్కు కొసనుంచి చెమట కారుతుంటే నీళ్ళు తాగి మళ్ళీ తల పెట్టుకుంటుంది. నేను దాని మూడు వేళ్ళు పట్టుకుని పక్కన నడుస్తూ, కనిపించినవన్నీ చెప్పేవాణ్ణి. రాయి. పట్టా. మెట్టు. మళ్ళీ మెట్టు. రోజుకు వంద మాటలు మాట్లాడితే తొంభై ఇవే. ఫొటోలు దిగేవాళ్ళు, "అన్నా, జర పక్కకు జరుగు," అనేవాళ్ళు. ఎలుగుగా ఉన్నప్పుడు కూడా నన్నెవరూ చూడలేదు. కానీ అప్పుడు కనిపించకపోవడం నా చేతిలో ఉండేది.

ఎండదెబ్బ తగులుతుందేమోనని మనసులో పీకుతోందని సువర్ణతో చెప్పాను. పొయ్యి దగ్గర జొన్నరొట్టె కాలుస్తోంది. నావైపు తిరగనైనా తిరగలేదు.

"పిల్ల నవ్వుకుంట పోతున్నది, నవ్వుకుంట వస్తున్నది. పీకుతున్నది నీకు."

"నాకేమున్నది?"

"పద్దెనిమిదేండ్లు గుహల కూసున్నవ్. నీకు మనుషుల ఎలుతురు పడ్తలేదు."

"నీకేం తెలుసు నా పని గురించి?"

"నీ తోలు కుట్టింది నేనే గదయ్యా," అని రొట్టె తిప్పింది.

నేను బయటికొచ్చి నిలబడ్డాను. ఆమె అన్నది అబద్ధమైతే కోపం వచ్చి పోయేది. పోలేదు. ఒక ఆలోచన వచ్చేది, దాన్ని తోసేసేవాణ్ణి, అది వేరే మాట కప్పుకుని మళ్ళీ వచ్చేది. పిల్ల చదువు పాడవుతుందనేవాణ్ణి. ఆడపిల్ల జనంలో ఎగరడమేమిటి అనేవాణ్ణి. ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడు మాత్రం సిగ్గేసింది, ఎందుకంటే మా తండాలో అలా అనేవాళ్ళతో చిన్నప్పటి నుంచీ పోట్లాడినవాణ్ణి నేనే. అన్నీ తీసేస్తే అడుగున మిగిలింది ఒక్కటే. ఒక్క రోజు, ఒక్క బస్సు జనం, నా కూతుర్ని చూసి నవ్వకుండా పోతే బాగుండునని ఉండేది.

అది ఇంటికొచ్చి చెప్పే కబుర్లు కూడా నన్ను వదల్లేదు. "బాపూ, లోపల ఉన్నప్పుడు ఎవరు నవ్వబోతున్నరో ముందే తెలుస్తది. గమ్మత్తుగ ఉంటది." నాకు తెలుసు బిడ్డా, అనాలి. నాకు పద్దెనిమిదేళ్ళుగా తెలుసు. "మంచిది," అని లేచి వెళ్ళి దూడకు నీళ్ళు పెట్టాను.

* * *

మే నెలలో ఒక మధ్యాహ్నం, చర్ల వైపు అడవి ఊళ్ళ నుంచి ఒకామె వచ్చింది. చంకలో మూడేళ్ళ పిల్ల. పిల్ల కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"అన్నా, ఎలుగున్నదా?" అంది.

ఆ మాట వినగానే నాలో ఏదో లేచి నిలబడింది. ఏప్రిల్ నుంచి అలా అడిగిన మొదటి మనిషి ఆమె. పిల్ల పిడుగుపాటుకు దడుచుకుందట. మూడు రోజులుగా కన్ను మూస్తే ఉలిక్కిపడి లేస్తోందట. దవాఖానాలో చూపించారు, జ్వరం లేదన్నారు. ఇక్కడ దొరుకుతుందని, మేకదే అయినా పనిచేస్తుందని వాళ్ళత్త చెప్పి పంపింది.

"కూసో అమ్మా. ఇప్పుడే తెస్త," అన్నాను. భార్గవిని టుర్రూ సూటుతోనే బెంచీ మీద కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, గుహ వైపు దాదాపు పరుగెత్తాను. వీరేందర్ ఆ రోజు ఉండి ఉంటే చూసేవాడు కదా అనుకున్నాను. నా వేషం గుహ లోపల మేకుకు వేలాడుతోంది. దుమ్ము పట్టింది, ఒకచోట ఎలుకలు కొరికాయి. గుండె దగ్గర వెంట్రుకలు బాగున్నాయి, అక్కడివి పిడికెడు పీకాను. ఎప్పుడూ నాలుగు పోచలిచ్చేవాణ్ణి. ఆ రోజు పిడికెడు.

తిరిగొచ్చేసరికి పిల్ల టుర్రూ ఒళ్ళో ఉంది. నీలం పొట్టకు చెంప ఆనించుకుని ఉంది. తల్లి కొంగు ముడి వేసుకుంటోంది.

"ఏడికి పోయినవ్ అన్నా? తీస్కున్న," అంది.

"ఏం తీసుకున్నవ్?"

ముడి విప్పి చూపించింది. నీలం కుచ్చు, నాలుగు పోగులు.

"అది ప్లాస్టిక్ నూలమ్మా," అన్నాను.

"నీది మేకది గదా," అంది.

ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే తేడా ఏమిటో తెలియక అంది. "మూడు దినాల సంది నా ఒళ్ళ కూడ నిలుస్తలేదు. దీన్ని చూసి తనంతట తనే చేతులు చాపింది. సూడు, నిద్రపోతున్నది."

పిల్ల నిజంగానే నిద్రపోతోంది. గంపంత తల లోపలి నుంచి భార్గవి గొంతు గుసగుసగా వచ్చింది. "బాపూ, ఆమెనే పీకింది. నేనేమనాలె? కదిలితే లేస్తదేమో. ఎంత హాయిగ ఉన్నదో తెలుసా."

నా పిడికిలి అప్పటికీ మూసే ఉంది. ఆమె పిల్లను మెల్లగా భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. రైలు కూత వేసింది. భార్గవి చెయ్యి చాపింది, మూడు నీలం వేళ్ళు. నేను పిడికిలి విప్పి వెంట్రుకలు నేల మీద వదిలి ఆ వేళ్ళు అందుకున్నాను.

ప్లాట్‌ఫారం దగ్గర రెండు మెట్లు దిగాలి. మధ్యాహ్నం రైలు కాబట్టి జనం పెద్దగా లేరు. ఎండ సూటిగా పడుతోంది. మెట్టు అంచు స్పష్టంగా కనిపిస్తోంది, దాని మీద ఎవరో తిని పారేసిన ఐస్‌క్రీం పుల్ల కూడా. మాట నోట్లోనే ఉంది. చెప్పలేదు.

అది ముందుకు పడింది. నేను చెయ్యి వదల్లేదు. కానీ దాని చెయ్యి తొడుగులోంచి జారిపోయింది, తొడుగు నా చేతిలో మిగిలింది. రైల్లో ఉన్న పిల్లలు అది కూడా ఆటే అనుకుని చప్పట్లు కొట్టారు.

* * *

భద్రాచలం దవాఖానాలో పాదం ఎముక చిట్లిందన్నారు. కట్టు వేసి నెలదాకా కాలు మోపొద్దన్నారు. సువర్ణ ఒక్కటే అడిగింది.

"నీకు కనపడలేదా?"

"జనం అడ్డమొచ్చిన్రు," అన్నాను.

భార్గవి మంచం మీంచి, "బాపు తప్పేం లేదమ్మా. నేనే జల్దీ జల్దీ నడిచిన," అంది. ఆ మాటతో అది నన్ను కాపాడింది. ఎవరి నుంచి కాపాడుతోందో దానికి తెలియదు.

అసలు నేనేం కోరుకున్నాను? దెబ్బ తగలాలని కాదు. ఇది నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, కొంతవరకు నమ్మాను కూడా. అది ఒక్కసారి తడబడాలని, జనం ముందు టుర్రూ కాకుండా పోవాలని, అంతవరకే కోరుకున్నానేమో. కానీ ఎముకకు అంతవరకే అని ఉండదు. మూడు రోజులు పార్కుకు వెళ్ళలేదు. గోడవైపు తిరిగి పడుకుంటే భార్గవి మంచం మీంచి, "బాపూ, నా గురించి అంత రంది పెట్టుకోకు," అంది. అన్నం సయించలేదు. మంచి తండ్రి అని పక్కింటివాళ్ళు అనుకుంటున్నట్టు సువర్ణ చెప్పింది. చెబుతున్నప్పుడు నా మొహంలోకి చూసింది. ఎక్కువసేపు చూసింది.

నాలుగో రోజు పొద్దున వీరేందర్ ఫోను చేశాడు.

"అన్నా, బిడ్డకు ఎట్లున్నది?"

"ఉన్నది సార్."

"ఆదివారం నాలుగు బస్సులు వస్తున్నయ్. టుర్రూ లేకుంటే నడవదు. నువ్వే వెయ్యాలె. వదినెను చెయ్యి పట్టుకోమను. ఏమంటవ్?"

నేను పోగొట్టుకున్నదాన్ని అతను నాకు తిరిగి ఇస్తున్నాడు. ఏ దారిలో అది తిరిగొచ్చిందో అతనికి తెలియదు. "సరే," అన్నాను. గొంతు మామూలుగానే ఉంది. నా గొంతు అంత మామూలుగా ఉండగలదని నాకే తెలియదు.

భార్గవికి మాత్రం పండగలా ఉంది. ఆ సాయంత్రం మంచం వాకిట్లో వేయించుకుని, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని మా ఇద్దరికీ నేర్పడానికి కూర్చుంది.

"అమ్మా, తువ్వాల తెచ్చి బాపు కండ్లకు కట్టు. లోపల గట్లనే ఉంటది, కింద ఏం కనపడది. ఇప్పుడు చెయ్యి పట్టుకొని వాకిలంత తిప్పు. గట్టిగ కాదు, మూడు వేళ్ళే."

సువర్ణ తువ్వాల కట్టింది. చెమట వాసన, చీకటి. అది గుహ చీకటిలా లేదు. గుహలో ఎదురు చూసేది నేను. ఇక్కడ నా పాదానికి నేల ఉందో లేదో కూడా ఆమె చెబితేనే తెలుస్తుంది. నా వేళ్ళు ఆమె వేళ్ళను బిగించి పట్టుకున్నాయి.

"రాయి," అంది సువర్ణ. కాలు ఎత్తి వేశాను.

"దూడ తాడు." ఆగాను. దాటించింది.

నడిచాం. వాకిలి ఇంత పెద్దదని నాకు తెలియదు. ఎండ మెడ మీద పడుతోంది కాబట్టి తూర్పుకు తిరిగామనుకున్నాను. అరుగు ఇటే ఉండాలి. ఎంత దూరంలో ఉందో తెలియడం లేదు. ఒక అడుగు, ఇంకో అడుగు. ఆమె ఏమీ అనడం లేదు. ఇంకో అడుగు. ఆమెకు తెలుసనీ, అందుకే చెప్పడం లేదనీ అనుకున్నాను. అయినా కాలు ఎత్తాను. పడితే పడనీ అనుకున్నాను.

"మెట్టు," అంది సువర్ణ, సరిగ్గా సమయానికి.

నా కాలు అరుగు మీద ఆనింది. మంచం మీంచి భార్గవి చప్పట్లు కొట్టింది.

"గంతే అమ్మా, గట్లనే. బాపు గూడ ఎప్పుడు గట్లనే చెప్పేటోడు, ముందుగాల కాదు, ఎనక కాదు. ఒక్కసారి గూడ తప్పలేదు. ఆ ఒక్కరోజే పాపం ఆయనకు కనపడలేదు."

సువర్ణ చెయ్యి నా చేతిలో కదల్లేదు. వదల్లేదు, నొక్కనూ లేదు. దూడ ఎక్కడో గడ్డి నములుతోంది.

నేను తువ్వాల ముడి విప్పాను. వెలుతురుకు కళ్ళు మూసుకుపోయాయి. అవి తెరుచుకునేదాకా ఆగి, భార్గవి మొహంలోకి చూశాను. అది ఇంకా నవ్వుతోంది.

"కనపడ్డది బిడ్డా," అన్నాను. "మెట్టు నాకు కనపడ్డది."